చెన్నపట్నంలో చెట్టుకింద కారు

చెన్నపట్నం చూడవచ్చిన బంధువులను మనం సముద్రపు ఒడ్డుకు తీసుకుపోతాం, కపాలీశ్వరుని కోవెలకు తీసుకుపోతాం, పాండీబజారులో నాలుగు చీరలు కొనిపించి రైలెక్కిస్తాం. వాళ్ళు ఊరికి పోయి చెప్పుకునేది వీటిని గురించే. కాని ఈ పట్నంలో రెండు మూడు తరాలుగా కాపురముంటున్న మనకు తెలిసిన చెన్నపట్నం ఇంకొకటి ఉన్నది. అది చెట్ల చెన్నపట్నం. వైశాఖమాసం మిట్టమధ్యాహ్నం ఏ వీధివెంట నడిస్తే నెత్తి మాడకుండా ఇల్లు చేరవచ్చునో, ఆటోవాళ్ళు ఎక్కడ కునుకు తీస్తారో, కొబ్బరిబోండాలవాడు ఎక్కడ కత్తి నూరుకుంటాడో, ఇస్త్రీబండి ఏ మూలన ఆగుతుందో, అదంతా చెట్లు గీసిపెట్టిన పటం. దొరలు గీసిన పటాలు మారినవి, వీధుల పేర్లు మారినవి. ఈ పటం మాత్రం చాలావరకు అలాగే ఉన్నది.

ఈ పటంలోకి కారు వచ్చి చేరింది. కారుకూ చెన్నపట్నానికీ చుట్టరికం పాతదే. 1903లో ఇక్కడి సింప్సన్ కంపెనీలో ఆవిరితో నడిచే కారొకటి తయారై మౌంటురోడ్డుమీద తిరిగింది. 1961లో స్టాండర్డ్ హెరాల్డ్ ఈ ఊరి శివార్లలోనే తయారు కావడం మొదలయింది. 1998లో ఇరుంగాట్టుకోట్టైలో హ్యుందాయ్‌వారి శాంత్రో బయటికి వచ్చింది. హెరాల్డు రోజుల్లో కారున్న ఇంటికి కారుషెడ్డు కూడ ఉండేది. తరువాత ఇండ్లు పడగొట్టి ఫ్లాట్లు కట్టారు. నలుగురున్న చోట నలభైమంది చేరారు. షెడ్డు పోయింది, కార్లు పెరిగినవి. అంచేత కారు వీధిన పడింది; వీధిన పడ్డ కారు, మనిషిలాగే, చెట్టునీడను వెతుక్కుంది.

అక్కడినుంచి మొదలవుతుంది అసలు కథ. పొద్దున్నే తాళంచెవి పుచ్చుకుని కిందికి దిగేసరికి బానెట్టుమీద, పైకప్పుమీద, ముందు అద్దంమీద సన్నని చుక్కలు. వేలు పెడితే జిగురు. వైపరు వేస్తే అద్దమంతా పాకినట్టవుతుంది. ఆ జిగురుమీద వీధిదుమ్ము, వేపపూత, కాకి రెట్ట అన్నీ వచ్చి అతుక్కుంటవి. చెన్నపట్నంలో కారున్న తెలుగు కుటుంబాలు నాలుగు ఒకచోట కలిస్తే పిల్లల చదువులు, పెళ్ళి సంబంధాలు అయిన తరువాత వచ్చే మాట ఇదే. ఈ జిగురు ఎక్కడిది, దాన్ని రంగు చెడకుండ వదిలించేదెట్లా అని తెలుసుకోవడానికి మేము ఒక నాలుగు వారాలపాటు ఆదివారాలు ఊరంతా తిరిగాము. చూసినది, అడిగి తెలుసుకున్నది చదువరులకు చెబుతున్నాము.

తిరగడం త్యాగరాయనగరంతో మొదలుపెట్టాము. ఈ పేట ఒకప్పుడు చెరువు. మాంబళం వైపు ఉన్న పెద్ద చెరువును పూడ్చి 1920ల నడిమిలో ఈ వీధులు వేశారు. పేటకు పేరిచ్చిన సర్ పిట్టి త్యాగరాయచెట్టిగారు తెలుగువారు. నడిబొడ్డున ఉన్న పార్కు 1921 మొదలు 1926 వరకు చెన్నరాజధాని ముఖ్యమంత్రిగా ఉన్న పానగల్లు రాజావారిది. గోపతి నారాయణస్వామిచెట్టిగారి రోడ్డును మనం జి.ఎన్. చెట్టిరోడ్డు అంటున్నాం. బజుల్లారోడ్డులో రామారావుగారి ఇల్లు. తిరుపతి కొండకు పోయివచ్చిన తెలుగువాళ్ళు ఆయన దర్శనం కూడ చేసుకుని పోవడానికి బస్సుల్లో వచ్చి ఆ వీధిలో దిగేవాళ్ళు. పేట వేసినవారికి దూరదృష్టి ఉన్నది కాబోలు, వీధులతోపాటు పార్కులకూ చెట్లకూ చోటు విడిచిపెట్టారు. చెరువునేల కావడంచేత చెట్లు బాగా పట్టినవి.

ఈ చెట్లలో రాజు నిద్రగన్నేరు. కారున్నవాళ్ళకు ఎక్కువ తలనొప్పి తెచ్చేదీ అదే. ఇది మన దేశపు చెట్టు కాదు. అమెరికా ఖండపు ఉష్ణప్రాంతాలనుంచి పందొమ్మిదో శతాబ్దంలో ఇక్కడికి వచ్చింది. గొడుగులాగా అటు ఇటు పరుచుకుని ఒక్క చెట్టే వీధి ఈ పక్కనుంచి ఆ పక్కదాకా కప్పేస్తుంది. పొద్దుగూకేసరికి ఆకులు ముడుచుకుని నిద్రపోతుంది. అందుకే మనం నిద్రగన్నేరు అన్నాం. తమిళులు ఇంకొక అడుగు ముందుకు పోయి తూంగుమూంజి మరం, అంటే నిద్రమొగం చెట్టు అని పేరు పెట్టారు. ఇంగ్లీషువాళ్ళు దీన్ని వానచెట్టు అన్నారు. ఆ పేరుకు పలువురు పలు కారణాలు చెబుతారు. వాటిలో ఒకటి మనకు పనికివచ్చేది: ఈ చెట్టుకింద నిలబడితే మబ్బు లేకుండానే సన్నని తుంపర పడుతుంది, దానివల్ల ఆ పేరు వచ్చిందని.

ఆ తుంపర చెట్టు కార్చే కన్నీరు కాదు. కొమ్మలను పట్టి రసం పీల్చే పురుగులు విడిచేది. నూజివీడువైపునుంచో చిత్తూరువైపునుంచో వచ్చినవాళ్ళకు ఈ మాట వింత కాదు. మామిడితోటల్లో పూతవేళ వచ్చే పురుగుకు మన రైతులు తేనెమంచు పురుగు అని ఎంత చక్కగా పేరు పెట్టారో చూడండి! ఆకులో ప్రవహించే రసంలో చక్కెర చాలా ఎక్కువ, పురుగుకు కావలసిన మాంసకృత్తులు చాలా తక్కువ. ఆ కాస్తకోసం అది రోజంతా రసం పీలుస్తూ, అక్కరలేని చక్కెరనీటిని వెనకనుంచి విడుస్తూ ఉంటుంది. ఆ తీపికోసం చీమలు చేరుతవి. చీమలు ఊరకే తిని పోవు. పశువులను కాచినట్టు ఆ పురుగులను కాస్తవి, వాటిని తినవచ్చే ఇతర పురుగులను తరుముతవి. పాకమంచు పడిన ఆకులమీద నాలుగు రోజులకు నల్లని బూజు పడుతుంది. దాన్నే మసితెగులు అంటారు. కారుమీద మనం చూసే నల్లమచ్చలు చాలావరకు ఇవే. ఆకుమీద పట్టిన మసి కారుమీద పట్టదా?

నిద్రగన్నేరు ఇంకొక పని కూడ చేస్తుంది. ఎండాకాలంలో నల్లని లావుపాటి కాయలు రాలుస్తుంది. వాటిలోపల తియ్యని బంకగుజ్జు ఉంటుంది. పశువులకు మహా ఇష్టం. పశువులు తగ్గిన ఈ పట్నంలో ఆ కాయలు కారుచక్రాలకింద నలిగి, గుజ్జు చక్రాల పైరేకులకు అంటి, చింతపండు పూసినట్టు పడి ఉంటుంది.

రెండవ ఆదివారం మైలాపూరు పోయాము. లజ్‌లో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి పేరిట పార్కున్నది. పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టి, ఆ డబ్బుతో పత్రికలూ గ్రంథాలూ నడిపినవారు. 1937 నవంబరులో కోస్తావారికీ రాయలసీమవారికీ ఒడంబడిక కుదిరిన శ్రీబాగ్ ఆయన ఇల్లే. పార్కు చుట్టూ వీధుల్లో వేప, కానుగ, తురాయి, పచ్చపూల తురాయి చెట్లు. పాత ఇండ్ల ప్రహరీగోడలమీదుగా మామిడికొమ్మలు వీధిలోకి వంగి ఉంటవి. ఇక్కడ కార్లమీద కనబడే జిగురు త్యాగరాయనగరపు జిగురు కాదు. వేపమానుకు గాయమైన చోట తేనెరంగు బంక ఉబికి, కింది కారుమీద గోలీకాయంత ముద్దగా పడుతుంది. మామిడికాయ తొడిమ విరిగిన చోటునుంచి చిమ్మే సొన సంగతి మన ఆడవాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు. చేతికి తగిలితే చర్మం పొక్కుతుంది. కారురంగుమీద పడి ఎండకు కాగితే అక్కడ మచ్చ మిగులుతుంది.

మూడవ ఆదివారం అడయారు. అక్కడి దివ్యజ్ఞాన సమాజంవారి తోటలో ఉన్న మర్రిచెట్టు లోకప్రసిద్ధం. సమాజం 1882లో తన ముఖ్యస్థానాన్ని అక్కడికి మార్చుకున్నప్పటికే అది మహావృక్షం. 1989లో గాలివానకు దాని అసలు మాను పడిపోయింది. ఊడలు మాత్రం నేలలో దిగి, ఒక్కొక్కటి ఒక్కొక్క మానై, చెట్టు బతికే ఉన్నది. ఆ తోటలో కార్లకు పని లేదు. కాని బయట అడయారు, బీసెంటునగరం వీధుల్లో మర్రీ రావీ ఉన్నవి, పెరళ్ళలో పనసలున్నవి. వాటి పాలు తెల్లగా పడి, ఎండిన తరువాత రబ్బరులాగా సాగుతుంది. మర్రిపండ్లు తిని గబ్బిలాలూ గోరింకలూ చేసే అల్లరి అదనం.

ఇంత తిరిగిన తరువాత మాకు తేలిందేమంటే, అందరూ ఒక్కటే పేరుతో పిలిచే చెట్టుజిగురు నిజానికి నాలుగు రకాలు. మొదటిది తేనెమంచు, అది చక్కెర. రెండవది బంక, వేప, తుమ్మ, మునగ ఇచ్చేది. మూడవది పాలు, మర్రి, రావి, పనసలది. నాలుగవది గుగ్గిలపు జాతి. మామిడి సొనలో కూడ నూనెగుణం గల పదార్థాలున్నవి కనుక దాన్ని ఈ పక్షానే చేర్చవచ్చు. ఊటీనుంచో కొడైకెనాలునుంచో తిరిగివచ్చిన కార్లమీద సరుగుడును పోలిన పైనుచెట్ల గుగ్గిలం చుక్కలు కూడ మేము చూశాము.

ఏది దేనికి కరుగుతుందో తెలిస్తే పని సగం అయినట్టే. ఇందుకు పెద్ద శాస్త్రం అక్కరలేదు, మన వంటింట్లో ఉన్న జ్ఞానమే చాలు. పాకం అంటిన గిన్నెను నీళ్ళుపోసి నానబెడతాం. తుమ్మబంకను నీటిలో నానవేసి కాగితాలు అంటించుకునేవాళ్ళం. పనసకాయ తరిగేటప్పుడు అమ్మమ్మలు కత్తికీ చేతికీ నూనె రాసుకునేవారు. లక్కను స్పిరిటులో కరిగించి వడ్రంగి బల్లలకు మెరుగు పెట్టేవాడు. అంటే చక్కెరకూ బంకకూ నీరు, పాలకు నూనె, గుగ్గిలానికి స్పిరిటు లేక నూనె. ఈ మూడు మాటలు గుర్తుంటే చాలు.

అయితే అటుపక్క కారురంగు సంగతి కూడ చూడాలి. వింత ఏమంటే రంగుకూ జిగురుకూ మేనరికం ఉన్నది. తొలినాటి కార్లకు పూసిన వార్నీషులు చెట్ల గుగ్గిలంతో చేసినవే. అవి ఆరడానికి వారాలు పట్టేది. 1920ల నడిమిలో అమెరికాలో డ్యూకో అనే లక్కరు వచ్చి ఆ పనిని రోజుల్లోకి, గంటల్లోకి తెచ్చింది. ఆ పేరు మన మెకానిక్కుల నోళ్ళలో ఎంతగా నిలిచిపోయిందంటే, ఏ కంపెనీ రంగయినా నేటికీ డ్యూకో పెయింటే. మన అనకాపల్లిజిల్లా ఏటికొప్పాకలో అంకుడుకర్రతో చేసే బొమ్మల మెరుపు కూడ లక్కదే; లక్క అంటే చెట్టుమీద పురుగు చేసిన గుగ్గిలం. అంచేత జిగురును కరిగించగల మందు రంగును కూడ కరిగించవచ్చు. ఈ పనిలో ఉన్న చిక్కంతా ఇదే.

నేటి కార్లకు రంగుమీద పారదర్శకమైన పొర ఒకటి ఉంటుంది. దాన్ని క్లియర్ కోటు అంటారు. కారు మెరుపంతా అందులోనే ఉన్నది. దాని మందం సుమారు 40, 50 మైక్రాన్లు. మన తలవెంట్రుక మందంకన్న మించదు. జిగురు ఆ పొరమీద పడి, చెన్నపట్నపు ఎండకు గట్టిపడి, ముడుచుకుంటూ ఆ పొరను కూడ పట్టి లాగుతుంది. ఒక్కరోజు జిగురు అయిదు నిమిషాల పని. వారంనాటి జిగురు అరగంట పని. నెల దాటితే జిగురు పోయినా దాని అచ్చు మిగిలిపోతుంది.

ఇక పద్ధతి. కారును ఎండలోనుంచి నీడకు తేవాలి, రేకు చల్లారేదాకా ఆగాలి. వేడిరేకుమీద ఏది పోసినా క్షణంలో ఆవిరై మచ్చ పడుతుంది. తరువాత ముందుగా నీళ్ళు, పొడిగుడ్డతో తుడవరాదు. మన వీధిదుమ్ము సన్నని ఇసుక. పొడిగుడ్డతో రుద్దితే ఆకురాయితో గీకినట్టే. ఒక బకెట్టులో కారు షాంపూ నీళ్ళు, ఇంకొక బకెట్టులో మంచినీళ్ళు. గుడ్డను మంచినీళ్ళలో జాడించి, ఆ తరువాతనే షాంపూలో ముంచాలి. తేనెమంచు తాజాదైతే ఈ స్నానంతోనే పోతుంది.

నీళ్ళంటే గుర్తుకు వచ్చింది. గొట్టంతో గంటసేపు కారు కడిగేవాళ్ళను ఇంకా చూస్తున్నాము. 2019 ఎండాకాలంలో పూండి, చోళవరం, పుళల్, చెంబరంబాక్కం చెరువులు అడుగంటి, బిందెలు వరసగా పెట్టుకుని లారీకోసం కాచుకున్న రోజులు మరచిపోదగినవి కావు. ఈ ఊరి కుళాయిలో వచ్చే నీటిలో కొంత కృష్ణానీరు. 1983లో రెండు రాష్ట్రాలు ఒప్పందం చేసుకోగా, 1996లో కండలేరునుంచి కాలువ వెంట తెలుగుగంగ పూండి చేరింది. ఇన్ని మైళ్ళు నడిచి వచ్చిన ఆడపడుచును కారు చక్రాలమీద పారబోయడం మర్యాద కాదు. రెండు బకెట్లు చాలు.

గట్టిపడిన తేనెమంచుకూ వేపబంకకూ చెయ్యి ఓర్చుకోగలిగినంత వేడినీళ్ళలో ముంచిన గుడ్డను మచ్చమీద పరిచి పది నిమిషాలు ఉంచాలి. చల్లారితే మళ్ళీ వేడిగుడ్డ. బంక ఉబ్బి మెత్తనవుతుంది. అప్పుడు వేలితో నెట్టితే కదులుతుంది. కదలకపోతే ఇంకొక పది నిమిషాలు. తొందర మనదే కాని బంకది కాదు.

పాలజిగురుకు కొబ్బరినూనో మంచినూనో దూదితో అద్ది, పావుగంట నాననిచ్చి, మెత్తని గుడ్డతో ఎత్తివేయాలి. నూనె రంగుకు కీడు చెయ్యదు; కాని అలాగే వదిలితే దుమ్ము పడుతుంది, కనుక షాంపూ నీళ్ళతో కడిగితీరాలి. నీలగిరి తైలం ప్రతి తెలుగింటా జలుబుకోసం ఉండేదే. మొండి జిగురుకు దాన్ని రెండు చుక్కలు వాడవచ్చు. అది ఘాటయిన ద్రావకం కనుక అద్ది వెంటనే తుడిచి కడగాలి.

గుగ్గిలానికీ మామిడి సొనకూ మందులషాపులో దొరికే సర్జికల్ స్పిరిటు. 2020లో ప్రతి ఇంటా చేరిన చేతులు శుభ్రపరచుకునే శానిటైజరులో ఉన్నదీ ఆల్కహాలే, కాని అందులో కలిపిన జిడ్డు మచ్చలు పెడుతుంది, స్పిరిటే మేలు. ముందు తలుపు లోపలి అంచున, కంటికి ఆనని చోట ఒక చుక్క వేసి చూడాలి. గుడ్డకు రంగు అంటితే ఆ కారుకు స్పిరిటు పనికిరాదు. అంటకపోతే తడిపిన దూదిని మచ్చమీద అరనిమిషం ఆనించి, రుద్దకుండ, పైకి ఎత్తినట్టు తుడవాలి. దూది మార్చి మళ్ళీ. పాత అంబాసిడర్లకూ ఫియట్లకూ గరాజులో మళ్ళీ పూసిన డ్యూకో పొర ఉంటుంది. వాటిమీద స్పిరిటు జోలికి పోకుండ నూనెతోనే సరిపెట్టుకోవడం క్షేమం.

కూడని పనులు చెబుతున్నాము. గోరు, బ్లేడు, చాకు, గిన్నెలు తోమే పీచు పనికిరావు. థిన్నరు అసలే కూడదు. పెట్రోలు నిప్పుకు చుట్టం, రబ్బరుకు శత్రువు. తలుపు అంచుల రబ్బరును పాడుచేస్తుంది. ఇప్పటి కార్ల ముందుదీపాలు గాజు కావు, ప్లాస్టిక్కు; వాటిమీద ఘాటు ద్రావకం పడితే పాలకళ్ళవుతవి. వాటికి షాంపూ నీళ్ళే. అద్దాలకు మాత్రం భయం లేదు. తడిపి, కొత్త బ్లేడును ఏటవాలుగా పట్టి తీయవచ్చు.

నాలుగవ ఆదివారం పుదుపేట పోయాము. పాతకార్ల భాగాలకు ఆ పేట పెట్టింది పేరు. విప్పిన తలుపులు, బానెట్లు, దీపాలు అంగళ్ళముందు గుట్టలుగా ఉంటవి. రంగు చెడిన కార్ల తలుపులు ఒకచోట వరసగా నిలబెట్టి ఉంటే, వాటిమీద మచ్చలను చదవడం మాకు సరదా అయింది. ఒక వృద్ధ పనివాడు మా ఆసక్తి చూసి తమిళమూ తెలుగూ కలిపి చెప్పాడు: “చెట్టు చెరిచిన కారు తక్కువ సార్, మనిషి రుద్ది చెరిచిన కారే ఎక్కువ.” మచ్చ కనబడగానే రబ్బింగు కాంపౌండు కొట్టించుకోవడం మనవాళ్ళకు అలవాటు. అది మచ్చను తీయదు, మచ్చచుట్టూ ఉన్న పొరను అరగదీసి మచ్చతో సమానం చేస్తుంది. వెంట్రుకంత మందాన్ని ఎన్నిసార్లు అరగదీయగలం? జిగురు కడిగిన తరువాత గిన్నెలాగా అచ్చు పడి ఉంటేనే, అదీ తెలిసిన చేతితోనే, ఆ పని చేయించాలి.

రాకముందు జాగ్రత్త మేలు గదా. రెండు మూడు నెలలకొకసారి వాక్సు పట్టిస్తే జిగురు రంగును కాక వాక్సును పట్టుకుంటుంది; తుడిస్తే వాక్సుతోపాటు పోతుంది. మంచి వాక్సుల్లో వాడే కార్నోబా బ్రెజిలు దేశపు తాటిజాతి చెట్టు ఆకులనుంచి తీసినది. చెట్టు చేసిన చేటుకు చెట్టే మందు! కారుకు ముసుగు కప్పేవాళ్ళు కడిగిన కారుకే కప్పాలి. దుమ్ముమీద కప్పితే గాలికి ముసుగు కదిలి కారంతా గీతలు పడుతవి. ఇంకొక ఉపాయం పంచాంగం చూసుకోవడం. మాఘఫాల్గుణాల్లో మామిడిపూత కింద, చైత్రవైశాఖాల్లో నిద్రగన్నేరు కాయల కింద, జ్యేష్ఠాషాఢాల్లో వేపపండ్లూ నేరేడుపండ్లూ రాలేచోట కారు నిలపకుండ ఉంటే సగం బాధ తప్పుతుంది. ఏ చెట్టూ పన్నెండు నెలలూ పగబట్టదు.

ఇదంతా ఇంత దీర్ఘంగా చెప్పడానికి కారణం ఉన్నది. మా వీధిచివర ఒక నిద్రగన్నేరు ఉన్నది. దానికింద రోజూ ఏడెనిమిది కార్లు నిలుస్తవి. కిందటేడు ఎండాకాలంలో ఆ చెట్టును కొట్టించాలని ఒక మాట పుట్టింది. మాట తెచ్చినవారు మంచివారే, మాకు ఆప్తులే. ఉద్యోగ విరమణ డబ్బుతో కొన్న తెల్లకారు నెలరోజులకే మచ్చలు పడితే ఎవరికైనా మనసు కష్టపడుతుంది. “చెట్టు ఎవరిది బావగారూ? కార్పొరేషనుది. కారు మనది” అన్నారాయన. కాగితం రాసి సంతకాలకు ఇంటింటికీ పంపారు. నగరంలో వీధిచెట్టు కొట్టడానికి అనుమతులు కావాలి, ఇష్టం వచ్చినట్టు కొట్టడానికి లేదు. అయినా ఇరవై సంతకాలున్న కాగితానికి బలం ఉంటుంది. అది కాక, అనుమతి అక్కరలేకుండ చెట్టును మెల్లగా చంపే మార్గాలు కూడ లోకంలో ఉన్నవి. మొదలు చుట్టూ సిమెంటు పోస్తే చాలు.

ఆ చెట్టుకింద నెల్లూరువైపునుంచి వచ్చిన దంపతులు ఇస్త్రీబండి పెట్టుకుని ఉన్నారు. బొగ్గుల ఇస్త్రీపెట్టెముందు మే నెలలో నిలబడడం అంటే ఏమిటో నీడ లేనిచోట ఒక్క పూట నిలబడితే తెలుస్తుంది. కాగితం సంగతి తెలిసి ఆమె మా గుమ్మంలోకి వచ్చి, “అమ్మా, చెట్టు పోతే మేము యాడికి పోవాలమ్మా?” అన్నది. అంతకుమించి అడగలేదు. ఇరవై సంతకాల్లో ఆమె సంతకం లేదు. చెట్టునీడ ఎక్కువ అనుభవించేవాళ్ళు సంతకాలు పెట్టే ఇండ్లల్లో ఉండరు.

2016 డిసెంబరు 12న వరదా తుపాను ఈ ఊరి చెట్లను వేలకొద్దీ పడగొట్టింది. మరుసటి ఎండాకాలం ఆ వీధులు ఎలా ఉన్నవో మనందరికీ గుర్తే. ఫ్యాను కింద పడుకున్నా గోడలనుంచి వేడి కొట్టేది. అప్పుడు నాటిన మొక్కలు ఇంకా గొడుగు పట్టేటంత కాలేదు. తుపాను చేసిన పనికి ఎవరినీ అడగలేం. అదే పనిని గొడ్డలి పుచ్చుకుని మనమే చేస్తే అడగడానికి మన మనుమలుంటారు.

మా వీధివాళ్ళం ఒక సాయంకాలం కూర్చున్నాము. ఆ తెల్లకారును మేమంతా కలిసి ఆ మేడకిందనే కడిగాము. వేడిగుడ్డ వేసి, నాననిచ్చి, నూనె అద్ది, స్పిరిటు పట్టించి, కడిగి, వాక్సు పెట్టేసరికి రెండుగంటలు పట్టింది. నాలుగు మచ్చలు తప్ప అన్నీ పోయినవి. ఆ నాలుగూ బానెట్టుమీద నేటికీ ఉన్నవి, ఏమీ దాచడంలేదు. చెట్టుకింది చోట్లను నెలకొకరు చొప్పున వంతులు వేసుకున్నాము. ఎండిన కొమ్మలు మాత్రం కార్పొరేషనువారిచేత తీయించాము. మొదలు చుట్టూ ఉన్న సిమెంటు కొంత తవ్వి నీరు దిగడానికి దారి చేశాము. చెట్టుకు సత్తువ ఉంటే పురుగులను తట్టుకుంటుందని తోటపని తెలిసినవాళ్ళు చెప్పారు. ఈ ఏడు తేనెమంచు ఆగలేదు. కాని కాగితం మళ్ళీ తిరగలేదు.

గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకని మన పెద్దలు ఊరకే అనలేదు. ఈ జిగురుకు గోరు కూడ కూడదని పైన చెప్పాము, వేడిగుడ్డ చాలును. కారు డిక్కీలో ఒక సీసా నీళ్ళు, రెండు మెత్తని గుడ్డలు, చిన్న నూనెసీసా పెట్టుకోండి. మచ్చను ఆనాటికానాడు తుడిచెయ్యండి. కారు పది పదిహేనేళ్ళకు పుదుపేట చేరుతుంది. చెట్టు మాత్రం, మనం చెయ్యి అడ్డుపెట్టకుండ ఉంటే, మన తరువాతివాళ్ళ కార్లమీద కూడ తేనెమంచు కురిపిస్తూ అక్కడే ఉంటుంది.